కంచె లోపలి పిడుదులు

ఆ ఆసుపత్రిలో పడుకున్న ప్రతి రోగి కిందా ఆమె చేతి కుట్టు ఉండేది. నూట నలభై మంచాలు, మంచానికి మూడు దుప్పట్లు, రెండు దిండు గలీబులు. వాటిలో చిరిగినవన్నీ బట్టల గదికి వచ్చి, కిటికీ పక్కనున్న కాలి మిషను మీద బాగుపడి మళ్ళీ వార్డులకు వెళ్ళేవి. పంతొమ్మిదో ఏట ఆ మిషను ముందు కూర్చున్న మనిషి ముప్పై నాలుగో ఏడు దాకా లేవలేదు. నర్సులంతా ఆమెను కుట్టుపిన్ని అనేవారు. తనకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా పిన్నీ అని పిలుస్తుంటే మొదట్లో కాస్త చిన్నబుచ్చుకుంది. ఎంతమందినని సరిదిద్దుతుంది? చివరికి ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదు" అని నవ్వేసేది. అక్కాబావల ఇంట్లో వెనక గది ఆమెది. బావ ఆ కొండవాలు అడవికి కాపలాదారు. ముప్పై ఏళ్ళుగా అదే అడవిలో, అవే కాలిబాటల మీద తిరిగిన మనిషి. ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో తెలియదు గానీ, ఏ జింక ఏ వాగు దగ్గర ఈనిందో వేళ్ళ మీద చెప్పేవాడు. అక్క దానికి ఎప్పుడూ దెప్పుతూ ఉండేది.

ఆసుపత్రి వెనక గోడ దాటితే రెండెకరాల చిన్న తోపు, తోపు దాటితే అసలు అడవి. రోగులు కాసేపు గాలికి కూర్చోవడానికి తోపులో బల్లలు వేసి ఉండేవి. ఉతికిన దుప్పట్లు ఆరేయడానికి తాళ్ళు చాలక వాటిని తోపు అంచున పొదల మీద పరిచేవారు. ఆ పద్ధతి ఇస్త్రీ పెద్దమ్మది. ఎండ బాగా తగులుతుంది, గాలి ఆడుతుంది, బట్టకు ఆకు వాసన పడుతుంది అనేది ఆమె వాదన. ఇస్త్రీ పెద్దమ్మకు అరవై దగ్గర పడుతున్నాయి. చెయ్యి గట్టిది, నోరు అంతకన్నా గట్టిది. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఆసుపత్రిలో లేరు.

ఒక మధ్యాహ్నం కుట్టుపిన్ని దుప్పటి అంచు మడుస్తుంటే సూది ముందు ఆవగింజలో సగమంత నల్లచుక్క కనబడింది. దారం పీచనుకొని ఊదింది. కదల్లేదు. ఊదితే కదలని చుక్క, ఊరుకుంటే కదిలింది. అలాంటివి ఆ దుప్పటి మీదే ఇంకో రెండున్నాయి. ఆమె వాటిని సూదిమొనతో ఎత్తి ఖాళీ గుండీల డబ్బాలో వేసి మూత పెట్టింది. వారం తిరిగేసరికి డబ్బాలో ఇరవైకి పైగా చేరాయి.

"గుండీలు అయిపోయాయా ఏంటే, పురుగులు కుడుతున్నావ్?" అంది ఇస్త్రీ పెద్దమ్మ.

"అన్నీ పొదల మీద ఆరేసిన దుప్పట్లలోనే దొరుకుతున్నాయి పెద్దమ్మా. తాళ్ళ మీద ఆరినవాటిలో ఒక్కటీ లేదు."

"ఉంటే ఉండనీ. పెట్టె వేడికి ఏ పురుగైనా మాడి మసవుతుంది. నలభై ఏళ్ళ నుంచి దులుపుతున్నాను, నన్నేం చేశాయి?"

వానలు మొదలయ్యే ముందు పెద్దమ్మకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు ఉండి తగ్గింది. తరువాత వారం రోజులు ఎప్పటిలాగే ఇస్త్రీ చేసింది, అందరినీ తిట్టింది. ఎనిమిదో రోజు పొద్దున మెడ పట్టేసిందని కూర్చుంది. సాయంత్రానికి ఎదురుగా ఉన్న మనిషిని గుర్తుపట్టలేకపోయింది. తాను ఇస్త్రీ చేసిన దుప్పటి మీదే పదకొండు రోజులు పడుకొని చనిపోయింది. అదే వారంలో తోపు బల్లల మీద రోజూ కూర్చునే ఒక రోగికీ, ఒక నర్సుకూ అదే వరసలో జ్వరం వచ్చింది. వాళ్ళిద్దరూ బతికారు.

పెద్దమ్మ పోయిన మూడోనాడు కుట్టుపిన్ని గుండీల డబ్బా పట్టుకొని పెద్ద డాక్టరు గదికి వెళ్ళింది. ఆయన మూత తీసి చూసి, గభాలున మళ్ళీ మూశాడు.

"ఇవి ఎక్కడివి?"

"మన దుప్పట్ల మీదివండీ. నెల నుంచి చూస్తున్నాను."

"నెల నుంచా? మరి ఇప్పుడా చెప్పడం?"

"పురుగులు దొరికాయని డాక్టరు దగ్గరికి వస్తే నవ్వుతారనుకున్నానండీ."

డాక్టరు నవ్వలేదు. డబ్బాను ల్యాబు మేడానికి పంపాడు. ల్యాబు మేడం మాట తక్కువ మనిషి. సూక్ష్మదర్శిని మీద వంగితే పిలిచినా పలికేది కాదు. మూడు వారాల తరువాత ఆమె తేల్చింది: అవి పిడుదులు. పశువుల చెవుల్లో పట్టుకునే గోమార్లకు చుట్టాలే గానీ అడవి జాతి. వాటిలో కొన్నింటి ఒంట్లో జ్వరం క్రిమి ఉంది. ఈ జ్వరానికి తగిన మందంటూ లేదు. రోగి తట్టుకునేదాకా కనిపెట్టుకొని ఉండటమే వైద్యం.

తోపులో ఏ మూల ఎన్ని పిడుదులున్నాయో తెలియాలంటే ఒక తెల్లగుడ్డను నేల మీద, గడ్డి మీద లాక్కుంటూ పోవాలి. గడ్డి కొసల మీద కాచుకొని ఉన్న పిడుదు, పోయే గుడ్డను జంతువనుకొని అంటుకుంటుంది. ఇరవై అడుగులకోసారి ఆగి ఏరి లెక్కపెట్టాలి. ఆ పనికి ల్యాబు మేడం ఒక దుప్పటి ముక్క తెమ్మంది. తెచ్చింది కుట్టుపిన్నే. మేడం లాగుతుంటే కాసేపు చూసి, ఉండబట్టలేక నోరు తెరిచింది.

"ఈ గుడ్డ నున్నగా ఉందండీ, దానికి పట్టు దొరకదు. ఫ్లానెల్ అయితే నూగు ఉంటుంది, గోళ్ళు తగులుకుంటాయి. పైగా మీరు లాగుతుంటే వెనక అంచు గాల్లోకి లేస్తోంది. అంచు మడిచి లోపల సీసం గుళ్ళు వేసి కుడితే నేలని అంటిపెట్టుకొని వస్తుంది."

మేడం గుడ్డను ఆమె చేతికిచ్చింది. మర్నాటికి గజం పొడవు, గజం వెడల్పు ఫ్లానెల్ గుడ్డ సిద్ధమైంది. ముందు అంచులో కర్ర, వెనక అంచులో గుళ్ళు, మధ్యలో నాలుగు గడులుగా ఎర్రదారం గీతలు. ఏ గడిలో ఎన్నో లెక్క తప్పకుండా ఉండటానికి ఆ గీతలు. పాత గుడ్డకు మూడు దొరికిన చోటే కొత్త గుడ్డకు తొమ్మిది దొరికాయి. ఆ నెల నుంచి కుట్టుపిన్ని బట్టల గదిలో సగం రోజు, తోపులో సగం రోజు పనిచేసింది. ఆరు నెలలకు మిషను ఇంకొకరికి అప్పజెప్పి పూర్తిగా ల్యాబుకు మారిపోయింది. తెల్ల ప్యాంటు, దాన్ని కప్పుతూ మోకాలి దాకా తెల్ల మేజోళ్ళు, చేతిలో కర్ర, వెనక గుడ్డ. ఆమెను ఆ వేషంలో మొదటిసారి చూసిన రోజు బావకు అన్నం తింటూ తింటూ పొలమారింది.

"ఏం మరదలా, అడవిని ఊడవడానికి పెట్టుకున్నారా నిన్ను?"

"ఊడవడం కాదు బావా. నీ జింకలు రాల్చిన పిడుదుల్ని ఏరుకొస్తున్నాను."

ఆ మాట సరదాకే అన్నది గానీ అప్పటికే ఊళ్ళో అందరి నోటా అదే ఉంది. జింకల చెవుల వెనక పిడుదులు గుత్తులు గుత్తులుగా ఉంటాయని అందరికీ తెలుసు. తోపులోకి రోజూ పొద్దున్నే జింకలు వస్తాయనీ తెలుసు. తరువాతి ఏడు ఇంకో నలుగురికి జ్వరం రాగానే ఊరి సంఘం ఆసుపత్రి హాల్లో సమావేశమైంది. తుపాకీ లైసెన్సు ఉన్నవాళ్ళ జాబితా రాసుకుందామని ఒకాయన లేచాడు.

వెనక నిలబడ్డ బావ ఆగలేకపోయాడు. "మోసుకొచ్చేవాణ్ణల్లా కాల్చాలంటే ముందు పోస్టుమాన్‌తో మొదలుపెట్టండి. ఉత్తరంలో ఏముందో వాడికేం తెలుసు?"

హాలంతా నవ్వింది గానీ తుపాకీ మాట పోలేదు. పెద్ద డాక్టరు మధ్యేమార్గం చెప్పాడు. జింకల్ని చంపొద్దు, తోపు చుట్టూ ఎనిమిదడుగుల ఇనుప కంచె వేద్దాం. జింక రాకపోతే పిడుదు రాదు, పిడుదు రాకపోతే జ్వరం రాదు. పాము చావకుండా, కర్ర విరగకుండా ఉన్న ఆ ఉపాయానికి అందరూ చేతులెత్తారు. ఎండాకాలం లోపే కంచె లేచింది. మొదటి వారం జింకలు పొద్దున్నే వచ్చి కంచె అవతల నిలబడి చూసి వెళ్ళేవి. తరువాత రావడం మానేశాయి.

మొదటి ఏడు కుట్టుపిన్ని లెక్క డాక్టరు మాటనే నిలబెట్టింది. కంచె వేయకముందు తోపులో వంద అడుగులకు పన్నెండు పిడుదులు. వేశాక ఐదు. డాక్టరు ఆ అంకెల్ని పెద్ద అక్షరాల్లో రాయించి వరండాలో పెట్టించాడు. రోగులు మళ్ళీ బల్లల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. జింకల్ని కాపాడిన మనిషి కదా అని, బావ కాలినొప్పి చూసి, కంచె లోపలే ఒక చిన్న కాపలా గది కట్టించి ఆయన్ను అక్కడికి మార్చారు. ఊళ్ళో అంతకన్నా భద్రమైన చోటు లేదని డాక్టరే అన్నాడు.

తోపు మాత్రం మారిపోయింది. మేసే నోరు లేక గడ్డి మోకాలి దాకా పెరిగింది. పొదలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. అడుగున ఆకు కుళ్ళి ఎప్పుడూ తడిగా ఉండేది. గింజలు రాలినవి రాలినట్టే ఉండేవి. గడ్డిలో సన్నగా కిచకిచమనే చప్పుడు వినబడుతోందని కుట్టుపిన్ని పుస్తకంలో రాసుకుంది. మూడో ఏడు వసంతంలో ఆమె గుడ్డ లాగితే వంద అడుగులకు ముప్పై ఒకటి వచ్చాయి. కంచె బయట, జింకలు తిరిగే చోట, పద్నాలుగు. లోపలివన్నీ పెద్ద పిడుదులు కావు, ఆవగింజలో సగమంత ఉండే పిల్లలు. తాను గుండీల డబ్బాలో దాచిన రకమే.

ఆమె మర్నాడూ లాగింది, ఆ పై వారమూ లాగింది. టేపు పట్టి అడుగులు కొలిచి మరీ లాగింది. ముప్పై, ముప్పై మూడు.

డాక్టరు పుస్తకం చూసి కళ్ళజోడు తీశాడు. "ఇది అయ్యేపని కాదు పిన్నీ. జింకే లేని చోట పిడుదు ఎట్లా పెరుగుతుంది? పాత గుడ్డ, కొత్త గుడ్డ తేడా ఏమో."

"అదే గుడ్డండీ. అదే చెయ్యి."

ఆయన చెడ్డమనిషి కాదు. చాలాసేపు ఆలోచించే మాట్లాడాడు. "ఒక్క కాలం లెక్కతో ఊరిని బెదరగొట్టకూడదు. ఇప్పుడు ఇది బయటికి పోతే కంచె పీకి తుపాకులు తీస్తారు. ల్యాబు మేడం ఎలుకల్ని పట్టి చూస్తానంటోంది, చూడనీ. వచ్చే ఏటి లెక్క కూడా వచ్చాక చెబుదాం. అందాకా మన ముగ్గురి మధ్యే ఉంచు."

ఆమె సరేనంది. ఆఫీసు మాట ఇంటికి మోసుకుపోయే అలవాటు ఆమెకు ఎప్పుడూ లేదు. ఆ సాయంత్రం బావ చెప్పులు విప్పుకుంటూ అడిగాడు.

"ఏమంటున్నాయి మరదలా నీ పిడుదులు?"

"బాగానే ఉన్నాయి బావా."

"అవి బాగున్నాయంటే మనం బాగాలేమన్నమాట" అని ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. తెల్ల మేజోళ్ళు తొడుక్కొని వెళ్ళమని మాత్రం చెప్పింది. ఎందుకని ఆయన అడగలేదు. తొడుక్కోనూ లేదు. కంచె లోపల అవెందుకని ఆయన అనుకున్నాడు.

నాలుగు వారాలకు బావకు జ్వరం వచ్చింది. మూడు రోజులు ఉండి తగ్గింది. అక్క జలుబు జ్వరమనుకుంది. కుట్టుపిన్నికి మాత్రం ఇస్త్రీ పెద్దమ్మ జ్వరం కూడా ఇలాగే తగ్గిందని గుర్తొచ్చింది. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాళ్ళు, చంకలు, చెవుల వెనక వెతికింది. ఎడమ మోకాలి మడతలో ఎండిపోయిన కాటు గుర్తు, దాని చుట్టూ ఎర్రటి మచ్చ. అప్పుడామె అక్కకు మొత్తం చెప్పింది. ముప్పై ఒకటి, ముప్పై, ముప్పై మూడు.

అక్క ఆమె ముఖంలోకి చూసింది. "ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"నెల అయింది."

"ఒక కంచంలో తిన్నాం కదే ఈ నెలంతా."

తిట్టినా బాగుండునని కుట్టుపిన్నికి అనిపించింది. ఆరో రోజుకు బావకు మెడ పట్టేసింది, ఏడో రోజుకు మాట తడబడింది. ఆయన్ను ఆసుపత్రిలో, కుట్టుపిన్ని ఒకప్పుడు కుట్టిన దుప్పట్ల మీద పడుకోబెట్టారు. అక్క పగలు, ఆమె సాయంత్రాలు మంచం పక్కన ఉండేవారు. ఇద్దరూ తలుపు దగ్గర ఎదురుపడితే అక్క పక్కకు తప్పుకునేది. పంతొమ్మిదో రోజున బావ కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగాడు. బతికాడు. ఎడమ చెయ్యి మాత్రం భుజం దగ్గర చచ్చుపడింది.

ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజుల్లోనే ల్యాబు మేడం బోనుల పని పూర్తయింది. తోపులో అరవై బోనులు పెడితే ఒక్క రాత్రికి నలభై ఏడు చిట్టెలుకలు పడ్డాయి. బయట అడవిలో అన్నే బోనులకు పదకొండు. ఆమె ఒక ఎలుక చెవిని కుట్టుపిన్నికి చూపించింది. చెవి అంచు చుట్టూ ఇసుక రేణువుల్లాంటి పిడుదు పిల్లలు వరసగా, పూసలు గుచ్చినట్టు ఉన్నాయి.

"జింక రక్తంలో ఈ క్రిమి నిలవదు పిన్నీ. పెద్ద పిడుదు జింక మీద తిని, కిందపడి గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు దాదాపుగా ఏ జబ్బూ ఉండదు. అది మొదటి తిండికి ఎలుక ఎక్కుతుంది. అక్కడే అంటుకుంటుంది."

కుట్టుపిన్ని ఎలుక చెవి మీదికి మళ్ళీ వంగింది. "అంటే జింకది పురిటిల్లు, ఎలుకది బడి. చెడు సావాసం బడిలో పట్టిందన్నమాట."

మేడం నవ్వడం ఆమె చూసింది ఆ ఒక్కసారే. "అంతే. మనం పురిటింటికి తాళం వేశాం. బడిని మాత్రం పెద్దది చేశాం. ఎనిమిదడుగుల కంచెలో జింక దూరదు, నక్క కూడా దూరదు. ఎలుకని తినే నోరు బయట ఉండిపోయింది. గడ్డి మేసే నోరూ బయట ఉండిపోయింది. ఎలుకకి కంచె ఒక లెక్కా? పిట్టల మీద, ఎలుకల మీద పిడుదులు వస్తూనే ఉన్నాయి. వచ్చినవాటికి ఎక్కడానికి జింక లేదు. ఉన్నవి ఎలుకలు, తరువాత మనం."

ఆ మాట విన్న రోజునే కుట్టుపిన్ని పెద్ద డాక్టరు గదికి వెళ్ళి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఊరి సంఘాన్ని పిలిపించండి. హాల్లోకి కాదు, తోపు దగ్గరికి."

"పిన్నీ, నేను..."

"మీరు పిలవకపోతే నేనే గుడ్డ పట్టుకొని వీధిలోకి వెళ్తానండీ. ఇంట్లో నోరు మూసుకున్నందుకు చూశాను కదా ఏమైందో."

డాక్టరు సరేనని తల ఊపాడు. ఈ నెలలో ఆయన కూడా సరిగా నిద్రపోలేదని ఆయన కళ్ళ కింద చూస్తే తెలుస్తుంది. బావకు ఆ గది ఇప్పించింది తనే కదా.

సంఘంవాళ్ళు తొమ్మిదిమంది వచ్చారు. తుపాకీ లైసెన్సు పెద్దమనిషి కూడా వచ్చాడు. కుట్టుపిన్ని అందరిచేతా ప్యాంట్లు మేజోళ్ళలోకి దోపించింది. కాస్త అవమానంగానే ఉన్నా దోపుకున్నారు. ముందు కంచె బయట, జింక అడుగులు కనబడుతున్న బాట పక్కన, ఇరవై అడుగులు గుడ్డ లాగింది. తిరగేసి వాళ్ళ ముందు పరిచింది.

"నేను చెప్పను. మీరే లెక్కపెట్టండి."

మూడు. తరువాత గేటు తీసి లోపలికి వెళ్ళి ఇరవై అడుగులు లాగింది. గుడ్డ పరవగానే లైసెన్సు పెద్దమనిషి రెండడుగులు వెనక్కి వేశాడు. ఎర్రగీతల గడులలో చుక్కలు పాకుతున్నాయి. వంగి పైకి లెక్కపెట్టింది పెద్ద డాక్టరు. ఒక్కో గడీ వేలితో చూపిస్తూ, గొంతు ఎక్కడా తగ్గించకుండా, పదకొండు దాకా లెక్కపెట్టాడు. లెక్కపెట్టి లేచి నిలబడ్డాడు.

"కంచె నా ఆలోచన. తప్పు నాదే. ఈ లెక్క నెలన్నర కిందటే నా దగ్గరికి వచ్చింది. ఆగుదామని చెప్పిందీ నేనే" అన్నాడు.

సంఘంలో ఒకాయన నిట్టూర్చాడు. "ఇంత ఖర్చు, ఇంత గొడవ. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది."

"కొండ మొదటే ఎలుక కోసం తవ్వి ఉంటే ఇంత తవ్వాల్సిన పని లేకపోయేదండీ" అంది కుట్టుపిన్ని.

అయితే ఎలుకలన్నిటికీ విషం పెడదామని ఇంకొకాయన అన్నాడు. విషం తిన్న ఎలుకను తిని నక్కా, గుడ్లగూబా కూడా చస్తాయనీ, మళ్ళీ ఎలుకలే మిగులుతాయనీ ల్యాబు మేడం వివరించింది. ఆ పూటకు తేలింది ఇది. కంచెకు నాలుగు వైపులా పెద్ద ఖాళీలు పెట్టాలి. బల్లల చుట్టూ, బాటల పక్కన గడ్డి మొదలంటా కోసి ఎండ తగలనివ్వాలి. వంటశాల వెనక మిగిలిన తిండి పారబోయడం మానాలి. పొదల మీద ఒక్క గుడ్డ కూడా ఆరేయకూడదు. తోపులోంచి వచ్చిన ప్రతివాళ్ళూ ఒళ్ళు చూసుకోవాలి, పిడుదు కనబడితే నలపకుండా సన్నని పట్టకారుతో చర్మం దగ్గర పట్టుకొని నిటారుగా లాగాలి.

కంచెకు ఖాళీలు పెట్టిన పదో రోజున జింకలు లోపలికి వచ్చాయి. నక్క ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు, దాని పెంట మాత్రం కుట్టుపిన్నికి బాట మీద కనబడింది. రెండేళ్ళకు లోపలి లెక్కా, బయటి లెక్కా ఇంచుమించు ఒకటయ్యాయి. జ్వరం పూర్తిగా పోలేదు. ఏడాదికి ఒకరో ఇద్దరో దాని బారిన పడుతూనే ఉన్నారు. ముందులా ఎవరూ దాన్ని జలుబనుకొని ఊరుకోలేదు, అంతే తేడా. చావులు ఆ తరువాత రెండే.

బావ కాపలా పనికి తిరిగి వెళ్ళలేదు. ఆసుపత్రి గేటు దగ్గర కూర్చొని, అడవి వైపు వెళ్ళేవాళ్ళ చేత మేజోళ్ళలోకి ప్యాంట్లు దోపించడం ఆయన పని. కుడిచెయ్యి ఒక్కటే ఊపుతూ గట్టిగా కేకలేసేవాడు. మరదలి మీద ఆయనకు కోపం ఉన్నట్టు ఎప్పుడూ కనబడలేదు. ఉందా అని ఆమె ఒకసారి అడిగింది.

"నువ్వు ఆ లెక్క చెప్పినా నేను మేజోళ్ళు వేసుకునేవాణ్ణి కాదులే" అన్నాడు.

అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు.

అక్క విషయం వేరు. ఆ ఏడంతా ఆమె చెల్లెలితో అవసరమైన మాటే మాట్లాడింది. కంచం పెట్టేది, కబురు చెప్పేది కాదు. కుట్టుపిన్ని ఇల్లు మారతానని ఒకసారి అంటే, "మారి ఎవరిని ఉద్ధరిస్తావ్?" అని కసిరింది. బావ చేతికి వేడినీళ్ళతో కాపడం పెట్టే పని ఇద్దరూ వంతులు వేసుకున్నారు. ఆ వంతుల మధ్య మాటలు కొద్దికొద్దిగా పెరిగాయి. ఏ రోజు మామూలైపోయాయో ఇద్దరిలో ఎవరూ చెప్పలేరు.

ఏడేళ్ళ తరువాత, ఒకరోజు ప్రయాణం దూరంలో గనులున్న ఇంకో ఊళ్ళో అదే వరస జ్వరం మొదలైంది. అక్కడ గుడ్డ లాగేవాళ్ళు లేరని కుట్టుపిన్నిని నలభై రోజులకు పంపమని కబురొచ్చింది. ఆమె మూడు కొత్త గుడ్డలు కుట్టుకుంది. బస్సు దాకా అక్క వచ్చింది. ఎప్పుడూ వచ్చే మనిషి కాదు. సంచి పైకందించి, కిటికీ దగ్గర నిలబడి ఒక్కటే మాట చెప్పింది.

"అక్కడ ఏదైనా తేలితే ముందు ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి చెప్పు. నీ పెద్దవాళ్ళకి తరువాత చెప్పుకోవచ్చు."

అక్కడ ఆమె పదకొండో రోజున గని కార్మికుల ఇళ్ళ వెనక, పందికొక్కులు తవ్విన కట్టెల గుట్టల దగ్గర గుడ్డ లాగింది. వంద అడుగులకు ఇరవై ఆరు వచ్చాయి. పుస్తకంలో అంకె రాసుకుంది. రిపోర్టు అడిగిన అధికారి మధ్యాహ్నం దాకా ఆఫీసులో ఎదురుచూశాడు. ఆమె ఆ పూటంతా గుడ్డను భుజాన వేసుకొని ఆ వరసలోని ముప్పై ఎనిమిది ఇళ్ళ తలుపులూ తట్టింది. ప్రతి గుమ్మంలో గుడ్డ విప్పి, దాని మీంచి సీసాలోకి ఏరిన పిడుదుల్ని చూపించి, పిల్లల మోకాళ్ళ మడతలు వెతకమని తల్లులకు చెప్పింది. ఆరుగురి ఒంటి మీద పిడుదులు దొరికాయి. అన్నిటినీ ఆమే తీసింది. ఆ తరువాతే ఆఫీసుకు వెళ్ళింది.

"ఇంత ఆలస్యమైందేమండీ?" అని అడిగాడు అధికారి.

"దారిలో పని తగిలిందండీ" అని, ఆమె పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది.